ఎనిమిది మంది పిల్లలు, ఆరు రోజులు, ఒక బండి

దసరా సెలవులొస్తున్నాయంటే పిల్లలకు సంబరం, మనకు గుండెదడ. పది పన్నెండు రోజులు ఇంటి పట్టున ఉన్నారంటే రిమోటు కోసం ఒకరు, ఫోను కోసం ఒకరు కొట్టుకు చస్తారు. ఉమ్మడి కుటుంబమైతే ఇక చెప్పనే అక్కర్లేదు. మగవాళ్ళనడిగితే "ఊటీ వెళ్దాం, తిరుపతి వెళ్దాం" అనేస్తారు. తెనాలి నుంచి తిరుపతికి బండిలో ఏడెనిమిది గంటలు. పాలు తాగే పిల్లను, వాంతులయ్యే పిల్లాడిని, కిటికీ సీటు కోసం ఏడ్చే ఇద్దరిని పెట్టుకుని ఏడెనిమిది గంటలు కూచోవడమంటే ఏమిటో వాళ్ళకేం తెలుసు?

అందుకే మేము దూరం వెళ్ళలేదు. తెనాలిలో బయల్దేరి పొన్నూరు, బాపట్ల, సూర్యలంక, వేటపాలెం, అక్కణ్ణుంచి రేపల్లె, మోపిదేవి చూసుకుని మళ్ళీ తెనాలి. ఆరు రోజులు. ఒక్క దమ్మున రెండు గంటలకు మించి ఎక్కడా బండిలో కూచోలేదు. ఇంత దగ్గరకి ఆరు రోజులెందుకని మావారు నవ్వారు. చంటిపిల్లలున్న ఇంటికి ప్రయాణం ఎంత దూరమన్నది కిలోమీటర్లలో చూడకూడదండీ. అందరికన్నా చిన్నదాని పాలవేళ, నిద్రవేళ చూసుకుని, ఆ మధ్యలో మిగిలే గంటల్లోనే ఊర్లు పెట్టుకోవాలి. మిగతావన్నీ దీని తర్వాతే.

మా జనాభా చెప్తాను. నేను, మావారు, మరిది, తోటికోడలు, ఆడపడుచు, అత్తయ్యగారు. పిల్లలు ఎనిమిది మంది. మావాళ్ళిద్దరూ కాస్త పెద్దవాళ్ళు, పద్నాలుగు, పన్నెండు ఏళ్ళు. తోటికోడలికి ముగ్గురు, ఆఖరివాడికి మూడున్నర. ఆడపడుచుకి ముగ్గురు, చంటిదానికి పదకొండో నెల నడుస్తోంది.

బండి మాట్లాడేటప్పుడు

పదిహేడు సీట్ల టెంపో ట్రావెలర్ మాట్లాడుకున్నాం. రెండు కార్లయితే హాయి కదా అంటారేమో. పిల్లలు ఒక కారులో, వాళ్ళ పాలసీసా ఇంకో కారులో ఉంటే ఆ హాయి ఏపాటిదో మీరే ఆలోచించండి. కిలోమీటరు రేటు, డ్రైవరు బత్తా, రాత్రి ఆగితే ఎంత, టోలు ఎవరిది, ఏసీకి వేరేగా తీసుకుంటారా, ఇవన్నీ ముందే కాగితం మీద రాయించుకోండి. బయల్దేరే ముందురోజు బండిని ఇంటికి తెప్పించి చూడండి. మాకు మొదట పంపిన బండికి వెనక టైరు గుండులా నున్నగా అరిగిపోయింది. మా మరిది చూసి వెనక్కి పంపి ఇంకొకటి తెప్పించాడు. ఆ ట్రావెల్స్ వాళ్ళు గొణిగారు. గొణగనివ్వండి.

సీటు బెల్టులు పని చేస్తున్నాయో లేదో ఒక్కొక్కటీ పెట్టి చూడాలి. పద్నాలుగేళ్ళ లోపు పిల్లలకు బెల్టుగాని, పిల్లల సీటుగాని లేకుండా బండి నడిపితే వెయ్యి రూపాయల జరిమానా అని 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో ఉంది. జరిమానా సంగతలా ఉంచండి. ఒళ్ళో పిల్ల ఉంటే మన చేతులే బెల్టనుకుంటాం. సడన్ బ్రేకు పడ్డప్పుడు ఆ బరువును ఏ తల్లి చేతులూ ఆపలేవు. మా ఆడపడుచు కారుకు కొన్న చంటిపిల్లల సీటుని తెచ్చి, దాన్ని సరిగా బిగించడానికి వీలున్న సీటేదో చూసి అక్కడే బిగించాం. మొదటి పావుగంట ఏడ్చింది. తర్వాత అందులోనే నిద్రపోయింది. డ్రైవరు పక్క సీట్లో మాత్రం పిల్లల్ని కూచోపెట్టకండి, ఎంత మారాం చేసినా సరే.

రాత్రి ప్రయాణం వద్దే వద్దు. మన డెల్టా రోడ్లు మీకు తెలియనివా? ఒక పక్క కాలువ, ఇంకో పక్క పొలం, మధ్యలో ఇంటికి మళ్ళే గేదెలు. వేసవిలో కట్టేసే కాలువలు దసరాకి నిండుగా పారుతుంటాయి. చీకటి పడేలోపు దిగే చోటికి చేరిపోవాలి. డ్రైవరుకి కూడా అన్నం, పడుకోవడానికి మంచి చోటు చూడండి. ఎనిమిది మంది పిల్లల ప్రాణాలు అతని కళ్ళ మీదే ఉన్నాయి.

ఇంకొకటి వాతావరణం. అక్టోబరు, నవంబరు మన తీరానికి తుపాన్ల కాలం. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనను మా పెద్దవాళ్ళు ఇప్పటికీ తలుచుకుంటారు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. వాయుగుండమని వార్తల్లో విన్నారంటే డబ్బు పోయినా సరే, ప్రయాణం మానుకోండి.

డబ్బాలు, సీసాలు

మొదటి పూటకి ఇంటి నుంచే వండి తీసుకెళ్ళాం. కిలో బియ్యం పులిహోరకి 150 గ్రాముల చింతపండు. పులుసు బాగా దగ్గరపడి నూనె తేలేవరకూ ఉడికించండి. అన్నం పళ్ళెంలో ఆరబోసి పూర్తిగా చల్లారాకే కలిపితే సాయంత్రం దాకా చెడదు. వేడిమీద కలిపి మూత పెడితే మధ్యాహ్నానికే జిగురొస్తుంది. చిన్నపిల్లలకు పచ్చిమిర్చి, ఇంగువ పోపు వేయకముందే కొంచెం తీసి పెట్టండి. దద్దోజనానికి మెత్తగా వండిన అన్నంలో గోరువెచ్చని పాలు పోసి, చిన్న చెంచా పెరుగు మాత్రం కలిపితే తినే వేళకి తోడుకుని కమ్మగా ఉంటుంది. పెరుగే కలిపి పట్టుకెళ్తే పులిసిపోతుంది. కొబ్బరి పచ్చడి జోలికి మాత్రం పోకండి.

చిరుతిళ్ళకి జంతికలు, సున్నుండలు, వేయించిన అటుకులు. పిల్లలొక్కొక్కరికీ ఒక చిన్న డబ్బా ఇచ్చి, మూతకి ఒక్కో రంగు దారం కట్టాను. "వాడికెక్కువ, నాకు తక్కువ" గొడవ సగం తగ్గింది. పూర్తిగా తగ్గిందని అబద్ధం చెప్పను.

చంటిదానికి బియ్యం, పెసరపప్పు దోరగా వేయించి పట్టించిన ఉగ్గుపిండి, ఫ్లాస్కులో మరగకాచిన నీళ్ళు. ఏడాది లోపు పిల్లలకు తేనె నాకించవద్దని డాక్టర్లు చెప్తారు. దారిలో ఎవరైనా పెద్దావిడ ముద్దుకొద్దీ నాకించబోతే నవ్వుతూనే ఆపండి.

వాంతులయ్యే పిల్లల్ని ముందు వరసలో రోడ్డు కనపడేట్టు కూచోబెట్టి, ఫోను చేతికివ్వకండి. బయల్దేరే గంట ముందు ఇడ్లీలాంటి తేలికపాటిది పెట్టండి. ఖాళీ కడుపూ మంచిది కాదు, పూరీలతో నిండిన కడుపూ మంచిది కాదు. మాత్రలు వేయాలనుకుంటే పిల్లల డాక్టరునడిగి, బరువును బట్టి ఎంత వేయాలో రాయించుకోండి. విరేచనాలైతే ఓఆర్ఎస్ పొడి ప్యాకెట్టు మీద రాసినంత నీళ్ళలోనే కలపాలి, ఎక్కువా తక్కువా కూడదు. దుకాణాల్లో అట్టపెట్టెల్లో దొరికే తియ్యటి పళ్ళరసాలు దానికి బదులు కావు. ప్యాకెట్టు దొరక్కపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళకు ఆరు టీచెంచాల పంచదార, అర టీచెంచా ఉప్పు, తలకొట్టి కొలిచి కలపండి.

ఇక ఎవరూ రాయని సంగతొకటి రాస్తాను. ప్రయాణమంటే ఆడవాళ్ళం నీళ్ళు తాగడం మానేస్తాం. ఎందుకో మీకూ తెలుసు, నాకూ తెలుసు. మా తోటికోడలు పొద్దున కాఫీ తర్వాత చుక్క ముట్టదు. ఇంటికొచ్చాక మంట, జ్వరం, యూరిన్ ఇన్ఫెక్షనని మందులు. పైగా పాలిచ్చే తల్లి నీళ్ళు తాగకపోతే ఎలా? ఈసారి ముందే అందరికీ చెప్పేశాను, బండి గంటన్నరకోసారి ఆగుతుంది, ఎవరికి అవసరమున్నా లేకపోయినా ఆగుతుంది అని. పెట్రోలు బంకులు, బస్టాండ్లు, గుడి దగ్గర గదులు, ఎక్కడ వీలుంటే అక్కడ. బండిలో పది లీటర్ల నీళ్ళ డబ్బా, మగ్గు, సబ్బు, చిన్నవాళ్ళకి పాటీ పెట్టుకున్నాం. రెండు పాత నేత చీరలు కూడా. నలుగురాడవాళ్ళం చుట్టూ చీర పట్టుకుంటే ఎక్కడైనా గదే. అడగడానికి సిగ్గుపడే ఆడపిల్లలకు ఇది ఎంత ధైర్యమో చెప్పలేను.

పొన్నూరు మీదుగా బాపట్ల

తెనాలి నుంచి పొన్నూరు ఒక గంట. అక్కడి ఆంజనేయస్వామి, గరుత్మంతుడి విగ్రహాలు మేడంత ఎత్తు. పెద్దవాళ్ళం దణ్ణం పెట్టుకుంటుంటే పిల్లలు మెడలు వెనక్కి వాల్చి అలా చూస్తూ ఉండిపోయారు. అక్కడే చెట్టు నీడన పులిహోర తినేసి, చంటిది నిద్రపోగానే బండెక్కాం. బాపట్ల చేరేదాకా లేవలేదు. వేళలు చూసుకోవడమంటే ఇదే.

బాపట్లలో మూడు రాత్రులకు గదులు తీసుకున్నాం. రోజుకో ఊరు మారితే మూటలు విప్పడం, కట్టడంతోనే మన సెలవు అయిపోతుంది. సాయంత్రం భావనారాయణస్వామి గుడికి వెళ్ళాం. ఆ స్వామి పేరుమీదే భావపురి, అదే బాపట్ల అయిందంటారు. గుడి చల్లగా, విశాలంగా ఉంటుంది, పిల్లలు పరుగెత్తుకోవడానికి బోలెడు చోటు. 1945లో మొదలైన వ్యవసాయ కళాశాల ఈ ఊళ్ళోనే ఉంది. మా పెద్దవాడికి చూపించి "ఇక్కడ కూడా చదవచ్చు" అన్నాను. వాడు వినిపించుకోలేదు లెండి.

సముద్రం దగ్గర

రెండో రోజు సూర్యలంక. బాపట్లకి 9 కిలోమీటర్లు. సరుగుడు తోటలు దాటగానే సముద్రం. పిల్లల అరుపులకి డ్రైవరు కూడా నవ్వాడు. కాని ఈ ప్రయాణం మొత్తానికీ నేను భయపడింది ఇక్కడే. సరదాగా వచ్చి మునిగిపోయినవాళ్ళ వార్తలు ఏటా చదువుతూనే ఉన్నాం కదా.

పెద్దవాళ్ళం ఆరుగురం, పిల్లలు ఎనిమిది మంది. "అందరం చూస్తూనే ఉంటాంలే" అన్నారు మావారు. అందరూ చూడటమంటే ఎవరూ చూడకపోవడమే. అందుకని బండి దిగకముందే పంచేశాను. ఏ పిల్ల ఎవరిదో పేరు పెట్టి చెప్పాను. అత్తయ్యగారు చంటిదానితో గొడుగు కింద. మూడున్నరేళ్ళవాడు మా మరిదికి, ఇంకెవరూ లేకుండా వాడొక్కడే. పావుగంటకోసారి మా అమ్మాయి ఈల ఊదుతుంది, అందరూ గొడుగు దగ్గరికొచ్చి తల లెక్క చెప్పాలి. అందరికీ ఎర్ర టోపీలు, ప్రతి పిల్ల జేబులో మా ఫోను నంబరు రాసిన చీటీ, ప్లాస్టిక్ కవర్లో పెట్టి.

రెండో ఈలకి ఏడుగురే వచ్చారు. మా మరిదికి ఆఫీసు నుంచి ఫోనొచ్చింది, రెండడుగులు పక్కకి వెళ్ళి మాట్లాడుతున్నాడు. తోటికోడలు "బాబూ" అంటూ నీళ్ళ వైపు పరుగెత్తింది. ఆ ఒక్క నిమిషం ఎలా గడిచిందో రాయలేను. మావారు నీళ్ళ అంచు వెంట ఒక వైపు, డ్రైవరు ఇంకో వైపు పరుగెత్తారు. నేను వెనక్కి తిరిగి చూస్తే, కొబ్బరిబొండాల బండి దగ్గర ఎర్ర టోపీ. బండావిడ కత్తితో బొండాం చెక్కుతుంటే నోరు తెరుచుకుని చూస్తున్నాడు. మా మరిది పాపం ముఖం పాలిపోయి "వదినా, ఇక ఫోను మీ దగ్గరే ఉంచండి" అని చేతిలో పెట్టేశాడు. తర్వాత మగవాళ్ళ ఫోన్లు రెండూ నా సంచిలోనే ఉన్నాయి, సాయంత్రం దాకా.

వేలు పట్టుకుంటే అల తగిలినప్పుడు జారిపోతుంది, మణికట్టు పట్టుకోండి. పిల్లలకి మోకాళ్ళ లోతు దాటనివ్వకండి. అల వెనక్కి పోతూ కాళ్ళ కింద ఇసుకను లాగేస్తుంది, నిలబడ్డవాళ్ళు ఉన్నపళాన పడతారు. ఇంకో సంగతి, అటూ ఇటూ అలలు విరుగుతుండగా మధ్యలో ఒక చోట మాత్రం నీళ్ళు ప్రశాంతంగా కనిపిస్తే అక్కడ దిగాలనిపిస్తుంది. చాలాసార్లు నీళ్ళు లోపలికి లాగేది అక్కడే. గస్తీ పోలీసులు, గజ ఈతగాళ్ళు ఉంటే ఎక్కడ దిగవచ్చో అడిగే దిగండి. పిల్ల కొట్టుకుపోతుంటే వెనకే దూకడం కన్నా ఏదైనా తేలే వస్తువు విసిరి వాళ్ళని కేకేయండి. వెనకే దూకి పోయిన తండ్రులున్నారు. అత్యవసరానికి 112, అంబులెన్సుకి 108.

కార్తీకంలో వెళ్ళాలనుకునేవాళ్ళకి చెప్తున్నాను, పౌర్ణమినాడు చంటిపిల్లలతో మాత్రం వద్దు. ఇసుకవేస్తే రాలని జనం.

మూడో రోజు వేటపాలెం. చీరాల దాటాక పెద్ద దూరం కాదు. అక్కడి సారస్వత నికేతనం గ్రంథాలయం 1918 నాటిది. పాత పత్రికలు, పుస్తకాలు ఎన్నో ఉన్నాయి. పెద్దపిల్లలు అరగంట చూశారు, చిన్నవాళ్ళు పది నిమిషాలకే గోల మొదలెట్టారు. వాళ్ళని తోటికోడలు బయటకు తీసుకుపోయింది. వేటపాలెం జీడిపప్పు కొనుక్కుని చీరాల వచ్చి చీరలు చూశాం. చూశాం అనడం ఎందుకు, కొన్నాం.

రేపల్లెలో పుట్టిల్లు

నాలుగో రోజు చందోలు మీదుగా రేపల్లె. బండ్లమ్మ గుడి దగ్గర కాసేపాగాం. రేపల్లె నా పుట్టిల్లు. అక్కడ మా అన్నయ్య, వదిన. ఇక్కడ ఒక్క మాట చెప్పాలి. పదిహేను మంది వచ్చి పడితే వదిన సెలవు వంటింట్లోనే కాలిపోతుంది. ఆవిడ నోరు తెరిచి అనదు, అంత మాత్రాన మనకి తెలియక్కర్లేదా? వారం ముందే ఫోను చేసి "వదినా, వంటకి మనిషిని పెట్టండి, ఆ డబ్బు మాది" అన్నాను. ససేమిరా అంది. అయినా ఒప్పించాను. ఉదయం టిఫిను హోటలు నుంచి, మధ్యాహ్నం వంటమనిషి, రాత్రికి మజ్జిగ, పచ్చడి, పప్పు. నవరాత్రుల నియమం కాబట్టి చేపల ఊసెత్తలేదు. రేపల్లె వెళ్ళి చేపలు తినకుండా వచ్చామంటే నవ్విపోతారు గాని, అత్తయ్యగారి మాట కాదనలేం.

అంట్లు తోమడం మావారు, మరిది, అన్నయ్య వంతు. అత్తయ్యగారు మొదటి రోజు మొహం తిప్పుకున్నారు. రెండో రోజు "ఆ గిన్నె అడుగు సరిగా తోమలేదురా" అన్నారు కొడుకుతో. అంటే ఒప్పుకున్నట్టే కదా! ఆ రెండు సాయంత్రాలూ నేనూ వదినా అరుగు మీద కూచుని ఎన్ని కబుర్లు చెప్పుకున్నామో. పెళ్ళయ్యాక పుట్టింట్లో అలా తీరిగ్గా కూచోవడం నాకదే మొదటిసారి.

దోమలు మాత్రం విపరీతం. రెండు పెద్ద దోమతెరలు పట్టుకెళ్ళండి, పిల్లలకు సాయంత్రం నుంచే నిండుచేతుల బట్టలు వేయండి. ఈ కాలం డెంగ్యూ రోజులు.

ఐదో రోజు పెనుమూడి - పులిగడ్డ వారధి మీదుగా కృష్ణ దాటి మోపిదేవి వెళ్ళాం. అరగంట దారి. సుబ్రహ్మణ్యేశ్వరస్వామి సన్నిధిలో పిల్లలకు పుట్టువెంట్రుకలు, అన్నప్రాశన, చెవులు కుట్టడం ఎక్కువగా చేయిస్తారు. మంగళ, ఆదివారాలు, షష్ఠి రోజుల్లో రద్దీ ఎక్కువ, చంటిపిల్లలుంటే మిగతా రోజుల్లో పొద్దున్నే వెళ్ళండి. మా చంటిదానికి అక్కడే చెవులు కుట్టించాం. సూది కొత్తదో కాదో అడిగి చూసుకోండి, మొహమాటపడకండి. ఏడ్చింది, పాలు తాగింది, పడుకుంది. హంసలదీవి కూడా వెళ్దామన్నారు మావారు. చంటిదాని నిద్ర చూపించాను. ఇంకేం మాట్లాడలేదు, ఇంటికి తిరిగాం.

ఆరో రోజు మధ్యాహ్నం రేపల్లె నుంచి తెనాలి. అత్తయ్యగారికి నడుం పట్టేసిందంటే ఆవిడనీ, మా అమ్మాయినీ రేపల్లె స్టేషన్లో తెనాలి రైలెక్కించాం. పెద్దవాళ్ళున్న ఇంట్లో ఈ సదుపాయం మరిచిపోకండి. మిగతావాళ్ళం దారిలో భట్టిప్రోలు స్తూపం దగ్గర ఆగాం. 1892లో అలెగ్జాండర్ రీ అనే దొర ఇక్కడ తవ్వించినప్పుడు అక్షరాలు చెక్కిన రాతి భరిణెలు దొరికాయి. మన తెలుగు లిపి పుట్టుక గురించి చెప్పేవాళ్ళంతా ఆ అక్షరాల పేరెత్తుతారు. మావాడు ఇటుకల గుట్టను చూసి "ఇంతేనా?" అన్నాడు. ఆ తర్వాత ఫోనులో ఆ అక్షరాల బొమ్మ వెతికి, ఇసుకలో పుల్లతో తన పేరు అలా రాయడానికి పావుగంట కుస్తీ పట్టాడు.

దుర్గాష్టమి ముందే ఇల్లు చేరాం. వచ్చేసరికి వండుకోకుండా ఉండేందుకు వెళ్ళేముందే డబ్బాలో ఉప్మారవ్వ వేయించి పెట్టుకున్నాను, పదినిమిషాల్లో పని అయిపోయింది. సముద్రపు బట్టలను మాత్రం తిన్నగా మిషన్లో వేయకండి. ఎండలో ఆరేసి, ఇసుక పూర్తిగా దులిపి, మంచినీళ్ళలో ఒకసారి జాడించాకే సబ్బు పెట్టండి. లేకపోతే ఇసుకంతా మిషన్లోకి పోతుంది.